కొండ చేలకు తొలి ట్రాక్టరు : కొనుటకు ముందు కొలువవలసినవి

“అయ్యా, మా గ్రామములో ఐదు పాడి కుటుంబములవారు కలసి ట్రాక్టరు కొనదలచినారు. ఎన్ని అశ్వశక్తులది కొనమందురు?” అని మదనపల్లె ప్రాంతమునకు చెందిన ఒక పంచాయతీ సభ్యుడు మమ్ము అడిగినారు. అందుకు మేము, “మీ చేల వాలు ఎంత? సంవత్సరమునకు ఆ ట్రాక్టరుకు ఎన్ని గంటల పని కలదు?” అని తిరిగి ప్రశ్నించితిమి. ఆ రెండును ఎవరును కొలిచి చూడలేదు. ఈ రెండు ప్రశ్నలకు సమాధానము దొరకినగాని అశ్వశక్తుల ప్రశ్నకు సమాధానము దొరకదు. కావున పంచాయతీ సభ్యుల ఉపయోగార్థము ఈ విషయమును ఇచ్చట వివరించుచున్నాము.

మదనపల్లె, పుంగనూరు, పలమనేరు ప్రాంతములు మెట్టభూములు. గుట్టల నడుమ చిన్న చిన్న చేలు, రాళ్ళ గట్లు, ఇరుకు బాటలు ఇచ్చట సామాన్యము. వేరుశనగ, రాగి, టమాటా, మల్బరీ పండించుచున్నను, అనేక కుటుంబములకు దినదినము చేతికి డబ్బు వచ్చునది పాడివలననే. పొట్టి జాతియైన పుంగనూరు ఆవు పుట్టినది ఈ సీమలోనే. పలమనేరులోని పశు పరిశోధన స్థానము ఆ జాతిని కాపాడుచున్నది.

ఇట్టి చోట ట్రాక్టరు పని డెల్టా గ్రామములలోని పని వంటిది కాదు. అచ్చట విశాలమైన సమతల పొలములను దున్నుట, దమ్ము చేయుట ప్రధానము. ఇచ్చట పచ్చిమేత తెచ్చుట, పేడ ఎరువు చేలకు తోలుట, నీటి పీపాలు మోయుట ప్రధానము. దున్నకము కొద్ది దినముల పని. డెల్టాలో బాగుగా పనిచేసిన పెద్ద ట్రాక్టరును చూచి అటువంటిదే కొండచేనికి తెచ్చినచో అప్పు పెరుగును, అపాయమును పెరుగును.

వాలును కొలుచు విధము

వాలును కొలుచుటకు ఇంజనీరు రానక్కరలేదు. 10 అడుగుల నిడివిగల తిన్నని పలకయు, బేల్దారి మేస్త్రీ వాడు రసమట్టమును చాలును. పలక యొక్క ఒక కొనను చేని ఎగువ భాగమున నేలపై ఉంచి, దిగువ కొనను రసమట్టము సమముగా చూపువరకు పైకెత్తవలెను. నేలకును, ఎత్తిన కొనకును నడుమగల ఎత్తును కొలువవలెను. అది 1 అడుగైనచో వాలు నూటికి 10. 2 అడుగులైనచో నూటికి 20. ప్రతి చేనిలోను మిక్కిలి వాలుగా కనబడు రెండు మూడు చోట్ల కొలిచి, అందు పెద్ద అంకెను వ్రాసికొనవలెను. ఇంటినుండి చేనికి పోవు బాటను గూడ అట్లే కొలువవలెను. ప్రమాదములు చేలలోనేగాక బాటలపైనను జరుగును.

ఈ అంకెల అర్థమేమి? నూటికి 20 వాలుగల బాటను ఎక్కునప్పుడు, మొత్తము 2 టన్నుల బరువుగల ట్రాలీ సుమారు 400 కిలోల బలముతో ట్రాక్టరును వెనుకకు లాగుచుండును. దిగునప్పుడు అదే బలముతో ముందుకు నెట్టును. ట్రాక్టరుకంటె ట్రాలీ బరువైనదైనచో, బ్రేకు పట్టిన చక్రములు నేలపై జారి, ట్రాలీయే ట్రాక్టరును తోసికొనిపోవును. కావున బ్రేకులులేని ట్రాలీ, దానిలోని సరుకు కలసి ట్రాక్టరు బరువును మించకుండ చూచుట కొండబాటలలో మొదటి నియమము.

దున్నుట విషయమున మరియొక చిక్కు కలదు. వాలుకు అడ్డముగా దున్నినచో వాననీరు ఆగి మన్ను నిలుచునని వ్యవసాయ శాఖవారు చెప్పుట సత్యమే. కాని ట్రాక్టరు ప్రక్కకు బోల్తాపడు ప్రమాదము అడ్డముగా నడచునప్పుడే హెచ్చు. ఈ రెండింటిని సమన్వయపరచు మార్గము చేలను విభజించుట. నూటికి 10 లోపు వాలుగల చేలను ట్రాక్టరుతో నెమ్మదిగా అడ్డముగా దున్నవచ్చును. అంతకు మించిన చేలను గట్లు వేసి మట్టము చేసిన పిమ్మటనే దున్నవలెను. లేదా కాడెద్దులకు వదలవలెను. నూటికి 20 దాటిన నేలను దున్నకుండ పశుగ్రాసమునకును, మేత చెట్లకును విడిచిపెట్టుట మేలు. పశువులుగల ఇంటికి అది నష్టము కాదు. మేతయు దొరకును, మన్నును నిలుచును. ఇవి స్థూలమైన హద్దులు మాత్రమే. ఎగువ చక్రము ఒక రాతిపైకి ఎక్కి, దిగువ చక్రము ఒక గుంతలో దిగినచో తక్కువ వాలునందైనను ట్రాక్టరు పడిపోగలదు.

ప్రాణరక్షణ

ట్రాక్టరు రెండు విధముల బోల్తాపడును. వాలుమీద అడ్డముగా పోవునప్పుడు, వేగముగా మలుపు తిరుగునప్పుడు ప్రక్కకు పడును. మలుపులో వేగము రెట్టింపైనచో, బయటికి నెట్టు బలము నాలుగు రెట్లగును. బరువును వెనుక ఇరుసుకంటె ఎత్తున కట్టి లాగునప్పుడు, ఎగుడు బాటలో క్లచ్చిని ఒక్కసారిగా వదలునప్పుడు ముందు చక్రములు లేచి వెనుకకు తిరగబడును. ఇది రెప్పపాటులో జరుగును. నడపువానికి దూకుటకు వ్యవధి ఉండదు.

దీనికి తగిన రక్షణ బోల్తా రక్షణ చట్రము. ఇది ఆసనము వెనుక ట్రాక్టరు ఒడలికి బిగించిన దృఢమైన ఉక్కు కమాను. ట్రాక్టరు పడినను నడపువాడు నలుగకుండ ఇది అడ్డుకొనును. స్వీడను దేశములో 1959లోనే కొత్త ట్రాక్టరులకు ఇట్టి రక్షణ ఉండవలెనని చట్టము చేసిరి. అటుపిమ్మట అచ్చట బోల్తా మరణములు ఎంతయో తగ్గినవి. ఎండకు వేయు పైకప్పును చూచి రక్షణ చట్రమని భ్రమపడరాదు. అది నీడకు మాత్రమే. చట్రముగల ట్రాక్టరులో ఆసనపు బెల్టు తప్పక పెట్టుకొనవలెను. చట్రములేని ట్రాక్టరులో బెల్టు పెట్టుకొనరాదు. అది నడపువానిని ట్రాక్టరు క్రిందనే బంధించును. చక్రముపైని మడ్డుగార్డు మీద పిల్లలను, కూలీలను కూర్చుండబెట్టు అలవాటును పంచాయతీ గట్టిగా నివారింపవలెను.

ఎటువంటిది ఎన్నుకొనవలెను?

తరచుగా చేయు పనులలో మిక్కిలి బరువైనది ఏదో చూచి, దానికి చాలినంత శక్తిగల ట్రాక్టరును ఎన్నుకొనవలెను. ఏడాదికి ఒక దినము వచ్చు పెద్ద పనికి పెద్ద ట్రాక్టరును అద్దెకు పిలుచుట చవుక. ఐదు కొయ్యల కల్టివేటరు, చిన్న రోటవేటరు, టన్ను లోపు మొత్తము బరువుగల ట్రాలీ వాడు ఇండ్లకు 20 నుండి 28 అశ్వశక్తుల చిన్న ట్రాక్టరు సాధారణముగా చాలును. వీటి బరువు సుమారు 650 నుండి 1,100 కిలోల వరకు ఉండును. తొమ్మిది కొయ్యల కల్టివేటరు లాగు 40 అశ్వశక్తుల ట్రాక్టరు ఇంచుమించు 2 టన్నులుండును. చిన్న చేనిలో దానిని తిప్పుటకే చాల స్థలము వ్యర్థమగును. ఎకరములోపు మెట్లచేలు మాత్రమే కలవారు పవర్ టిల్లరును గూడ పరిశీలింపవలెను.

కొండచేనికి ఈ క్రింది లక్షణములు ముఖ్యము.

మొదటిది, నాలుగు చక్రములకు శక్తి అందుట. ఎక్కునప్పుడు పట్టు హెచ్చుటయేగాక, దిగునప్పుడు ముందు చక్రములును ఇంజను నిరోధమును పంచుకొనును.

రెండవది, ఎత్తు తక్కువగాను, చక్రముల నడుమ ఎడము ఎక్కువగాను ఉండుట. వెనుక చక్రములను వెలుపలికి జరుపు వీలున్నదేమో అడుగవలెను.

మూడవది, నూనెలో మునిగియుండు బ్రేకులు. బురదనీటిలోను ఇవి పట్టు విడువవు. రోడ్డుపై నడపునప్పుడు రెండు బ్రేకు పెడళ్ళను కలిపి కొక్కెము వేయవలెను.

నాలుగవది, మిక్కిలి నెమ్మదిగా నడచు గేర్లు. ఏ గేరులో ఎక్కవలెనో ఆ గేరులోనే దిగవలెను. న్యూట్రల్‌లో దింపుట ప్రాణాంతకము.

ఐదవది, మేత కత్తిరించు యంత్రమును త్రిప్పుటకు నిమిషమునకు 540 చుట్లు తిరుగు వెనుక ఇరుసు, పనిముట్లను ఎత్తుటకు హైడ్రాలిక్ లిఫ్టు. ట్రాలీని ఎల్లప్పుడును క్రిందనున్న లాగుడు కడ్డీకే తగిలింపవలెను.

విక్రేత మాటలతో తృప్తిపడక పరీక్షా నివేదికను అడుగవలెను. మధ్యప్రదేశ్‌లోని బుద్ని, అనంతపురము జిల్లా గార్లదిన్నెలలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థలు కలవు. లాగుడు శక్తి, ఎత్తు శక్తి, నూనె ఖర్చు, బ్రేకుల పనితనము ఇట్టి నివేదికలలో ఉండును. తరువాత ఆ ట్రాక్టరును మీ బాటపై, మీ ట్రాలీతో, మీ చేనిలోనే నడిపి చూపుమని కోరవలెను. మరమ్మతు శాల ఎంత దూరమో, విడిభాగములు దొరకునో లేదో విచారింపవలెను.

గంటల లెక్క

ఇక రెండవ ప్రశ్న. 3 ఎకరముల సాగు, 5 ఆవులుగల కుటుంబమును ఉదాహరణగా తీసికొందము. మూడు దున్నకములకు ఎకరమునకు గంటన్నర చొప్పున 13½ గంటలు. ఆవుకు దినమునకు 10 కిలోల పేడ చొప్పున ఏడాదికి సుమారు 18 టన్నులు. టన్నుకు గంట చొప్పున తోలుటకు 18 గంటలు. ఆవుకు 25 కిలోల చొప్పున దినమునకు 125 కిలోల పచ్చిమేత. రెండు దినములకొకసారి అరగంట పని యనుకొన్నచో ఏడాదికి సుమారు 90 గంటలు. మొత్తము ఇంచుమించు 120 గంటలు. వ్యవసాయ యంత్రముల ఖర్చు లెక్కలలో ట్రాక్టరు సంవత్సరమునకు 1,000 గంటలు పనిచేయునని భావించుట పరిపాటి.

ట్రాక్టరు, పనిముట్లు కలసి 6 లక్షల రూపాయలనియు, పదేండ్ల పిమ్మట 60,000 రూపాయలు వచ్చుననియు అనుకొందము. తరుగుదల ఏడాదికి 54,000 రూపాయలు. సగటు విలువపై నూటికి 10 వంతున వడ్డీ 33,000 రూపాయలు. మొత్తము 87,000 రూపాయలు. ఒక్క కుటుంబమే 120 గంటలు వాడినచో, డీజిలు పోయకముందే గంటకు 725 రూపాయలు పడును. ఐదు కుటుంబములు కలసి 600 గంటలు వాడినచో 145 రూపాయలే పడును. గ్రామములో అద్దె ధర ఎంతయో దీనితో పోల్చి చూచుకొనవలెను. అద్దెయే చవుకైనచో కొనకపోవుట లోపము కాదు. 2014-15లో ప్రారంభమైన వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకము క్రింద అద్దె యంత్ర కేంద్రములకు సహాయము ఏర్పరచిరి. ప్రస్తుతము ఏ సహాయము లభించునో మండల వ్యవసాయాధికారిని అడిగి తెలిసికొనవలెను.

కలసి కొనువారికి తగవు వచ్చునది ధరవద్ద కాదు, తొలకరివద్ద. వాన పడిన మరునాడు అందరికిని ఒకేసారి ట్రాక్టరు కావలెను. కావున కొనుటకు ముందే వంతుల వరుసను వ్రాసి, ఏటేట ఆ వరుసను మార్చుకొనవలెను. గంటల మీటరు చూచి ప్రతి పనిని పుస్తకములో ఎక్కింపవలెను. గంటకింత యని మరమ్మతు నిధికి జమచేయవలెను. శిక్షణ పొంది లైసెన్సుగల ఒకరిద్దరే నడపవలెను. రిజిస్ట్రేషను, బీమా తప్పక చేయింపవలెను.

పంచాయతీ సభ్యులు ఇందు చేయదగిన పని చాల కలదు. వచ్చు సమావేశమునకు ముందు ఇద్దరు ముగ్గురు రైతులను తోడ్కొని, పలకతో, రసమట్టముతో గ్రామపు చేలను, బాటలను కొలిచి ఒక పట్టిక వ్రాయుడు. ఎచ్చట బాట వెడల్పు చాలదో, ఎచ్చట మలుపు ప్రమాదకరమో గుర్తించి మరమ్మతు పనుల జాబితాలో చేర్చుడు. ఆ పట్టిక చేతనుండగా విక్రేతవద్దకు పోయినచో, ఏది కావలెనో మీరే చెప్పగలరు. కొలువక కొన్న యంత్రమునకు మొదట అప్పు, తరువాత ఒక్కొక్కప్పుడు ప్రాణము గూడ చెల్లింపవలసి వచ్చును. ఆ కొలత పని ఒక ఉదయములో ముగియును.