చల్లగా ఉంటే స్టార్ట్, వేడెక్కితే బంద్: బాపు ఆర్‌ఎక్స్ 100 ఇగ్నిషన్ ప్రాబ్లమ్ దొరికిందిలా

మే నెలలో ఒక సాయంత్రం బాపు ఫోన్ చేసి, "బండి మళ్ల ఆగిపోయింది రా. ఈసారి బ్రిడ్జి మీద" అన్నాడు. బాసర నుంచి నిజామాబాద్ వైపు వెళ్తుంటే గోదావరి మీద వచ్చే బ్రిడ్జి అది. వెనకాలే వస్తున్న లారీ హారన్ కొట్టుకుంటూ ఆఖరి నిమిషంలో పక్కకు తప్పుకుని వెళ్లిందట. బాపుకి అరవై దాటాయి. బండిని ఒడ్డు దాకా తోసుకెళ్లి, ఒక పావుగంట కూర్చుని కిక్ కొడితే, ఒక్క కిక్కుకే స్టార్ట్ అయ్యింది.

"అమ్మేద్దాం తియ్. పార్టుల కోసం ఒకాయన పద్దెనిమిది వేలిస్తనన్నడు" అని పెట్టేశాడు.

అంతకుముందు రెండు నెలల్లో ఆ బండిని మూడుసార్లు "రిపేర్" చేసింది నేనే. బాసర ట్రిపుల్ ఐటీలో ఆరేళ్లు చదివి, హైదరాబాద్‌లో రోజూ బగ్స్ ఫిక్స్ చేసి జీతం తీసుకుంటున్నవాణ్ని. నేను బాగయ్యిందని చెబితేనే బాపు ఆ బండి ఎక్కాడు. బ్రిడ్జి మీద లారీ ముందు ఆగింది కూడా అందుకే.

ఈ సైట్‌లో ఎప్పుడూ ఫోన్ల గురించే చదువుతాం కదా, ఈసారి ముప్పై ఏళ్లు దాటిన ఒక ఎలక్ట్రానిక్ డివైస్ గురించి మాట్లాడుకుందాం. యమహా ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985లో వచ్చింది, 1996 దాకా తయారైంది. 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్. 2018లో అదే పేరుతో వచ్చిన సినిమా తర్వాత, పుట్టకముందే ఆగిపోయిన బండికి మన బ్యాచ్ వాళ్లు కూడా ఫ్యాన్స్ అయిపోయారు. అందరూ దీన్ని వింటేజ్ అంటారు గానీ, 2021లో వచ్చిన కేంద్ర రూల్స్ ప్రకారం ఫస్ట్ రిజిస్ట్రేషన్ అయ్యి యాభై ఏళ్లు దాటితేనే వింటేజ్. ఆ లెక్కన మాది ఇంకా కుర్ర బండే.

లోపల ఏం జరుగుతుంది

అప్పటి పాత బుల్లెట్, జావా బండ్లలో కాంటాక్ట్ పాయింట్లు ఉండేవి. ప్రతిసారీ తెరుచుకుని మూసుకునే ఒక చిన్న మెకానికల్ స్విచ్ అన్నమాట. అరిగేది, గ్యాప్ మారేది. ఆర్‌ఎక్స్‌లో దాని బదులు సీడీఐ ఉంటుంది, అంటే కెపాసిటర్ డిశ్చార్జ్ ఇగ్నిషన్.

ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్‌లో మాగ్నెట్లు ఉంటాయి. మెకానిక్‌లు ఆ ఫ్లైవీల్‌నే "మాగ్నెట్" అంటారు. దాని లోపల కదలకుండా ఉండే ప్లేట్ మీద కాయిల్స్ బిగించి ఉంటాయి. అందులో సోర్స్ కాయిల్ వందల వోల్టుల ఏసీ పుట్టిస్తుంది. సీడీఐ డబ్బాలోని డయోడ్ దాన్ని ఒకవైపుకే పంపి కెపాసిటర్‌ని నింపుతుంది. సరైన టైమ్‌కి పల్సర్ కాయిల్ ఒక చిన్న సిగ్నల్ ఇస్తుంది. ఆ సిగ్నల్‌తో ఎస్‌సీఆర్ ఆన్ అయ్యి, కెపాసిటర్‌లో ఉన్నదంతా ఒక్కసారిగా ఇగ్నిషన్ కాయిల్‌లోకి పోతుంది. అక్కడ అది వేల వోల్టులుగా మారి ప్లగ్‌లో స్పార్క్ అవుతుంది.

ఇందులో బ్యాటరీకి పాత్రే లేదు. బ్యాటరీ పూర్తిగా డెడ్ అయినా ఆర్‌ఎక్స్ స్టార్ట్ అవుతుంది. కీ ఆఫ్ చేయడం కూడా తిరకాసుగా ఉంటుంది. ఆఫ్ చేస్తే కరెంట్ కట్ అవ్వదు, సీడీఐ నుంచి వచ్చే ఒక వైర్ బాడీకి షార్ట్ అవుతుంది. యమహాలో అది నలుపు మీద తెలుపు గీత ఉన్న వైర్. ఆ వైర్ ఎక్కడ ఒరిసిపోయి ఫ్రేమ్‌కి తగిలినా ఇంజిన్ దృష్టిలో మీరు కీ ఆఫ్ చేసినట్టే.

నేను చేసిన తప్పు

మొదటిసారి ఆగినప్పుడు ప్లగ్, ప్లగ్ క్యాప్ మార్చాను. స్టార్ట్ అయ్యింది. రెండు వారాల తర్వాత మళ్లీ ఆగితే ఇగ్నిషన్ కాయిల్ మార్చాను. స్టార్ట్ అయ్యింది. మూడోసారి ఆన్‌లైన్‌లో సీడీఐ తెప్పించి పెట్టాను. స్టార్ట్ అయ్యింది, బాపు హ్యాపీ, నేను ట్రైన్ ఎక్కేశాను. మొత్తం 1,700 రూపాయలు.

ఎందుకు స్టార్ట్ అయ్యిందో బ్రిడ్జి ఫోన్ తర్వాత గానీ వెలగలేదు. ఏ పార్ట్ మార్చాలన్నా కనీసం ఇరవై నిమిషాలు పడుతుంది. ఆలోపు ఇంజిన్ చల్లారిపోతుంది. చల్లారితే ఈ బండి ఎలాగూ స్టార్ట్ అవుతుంది. అంటే నేను ఏం మార్చినా, ఏం మార్చకుండా పక్కన కూర్చుని చాయ్ తాగినా రిజల్ట్ ఒకటే. ఫోన్ రివ్యూలో బాక్స్‌లోంచి తీయగానే ఒక బెంచ్‌మార్క్ కొట్టి "హీటింగ్ లేదు" అని రాసేవాళ్లను మనం తిట్టుకుంటాం కదా. నేను చేసింది అచ్చం అదే.

కాబట్టి శనివారం ఊరికి వెళ్లి పార్టులు ముట్టుకోలేదు. వైరింగ్ డయాగ్రామ్ ప్రింట్ తీసుకుని, కాయిల్ ప్లేట్ నుంచి వచ్చే వైర్ల కనెక్టర్ ఎక్కడుందో వెతికి, చేయి ఈజీగా పోయేలా ముందే బయటికి లాగి పెట్టాను. బ్యాగులో మల్టీమీటర్, ప్లగ్ స్పానర్, ఒక ఎక్స్‌ట్రా ప్లగ్ వేసుకుని ఎండలో ముథోల్ రోడ్డు పట్టాను. ఆగాలని కోరుకుంటూ బండి నడపడం అదే ఫస్ట్ టైమ్.

ఇరవై నిమిషాలకి ఆగింది. రోడ్డు దిగి చెట్టు కింద పెట్టి టైమర్ ఆన్ చేశాను.

ముందు పెట్రోల్ ట్యాంక్ మూత తెరిచాను. మూతలో గాలి పోయే చిన్న రంధ్రం మూసుకుపోతే ట్యాంక్‌లో వాక్యూమ్ పెరిగి పెట్రోల్ దిగడం ఆగిపోతుంది. అప్పుడు కూడా బండి ఇలాగే కొంతదూరం పోయాక ఆగి, కాసేపటికి స్టార్ట్ అవుతుంది. ఇగ్నిషన్ అనుకుని వేలు తగలేసేవాళ్లలో కొందరి అసలు సమస్య ఆ మూతే. మాది కాదు, మూత తెరిచినా ఉలుకూ పలుకూ లేదు.

తర్వాత ఎక్స్‌ట్రా ప్లగ్‌ని క్యాప్‌కి పెట్టి, దాని మెటల్ భాగాన్ని ఇంజిన్‌కి ఆనించి కిక్ కొట్టాను. స్పార్క్ లేదు. ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఇంజిన్‌లో ఉన్న ప్లగ్‌ని విప్పకండి, ఆ రంధ్రంలోంచి వచ్చే పెట్రోల్ ఆవిరికి స్పార్క్ తగిలితే అంటుకుంటుంది. ప్లగ్‌ని బాడీకి ఆనించకుండా గాల్లో వదిలేసి కిక్ కొట్టకండి, ఆ వోల్టేజ్ పోయే దారి లేక సీడీఐనో కాయిల్‌నో కాల్చేయొచ్చు.

మూడోది, నలుపు తెలుపు వైర్‌ని సీడీఐ దగ్గర పీకేశాను. ఇప్పుడు స్పార్క్ వస్తే తప్పు కీ స్విచ్‌దో వైరింగ్‌దో అవుతుంది. రాలేదు.

నాలుగోది, కాయిల్ ప్లేట్ కనెక్టర్ విప్పి మీటర్ పెట్టాను. పల్సర్ కాయిల్ రీడింగ్ ఓకే. సోర్స్ కాయిల్‌కి పెడితే స్క్రీన్ మీద "ఓఎల్". అంటే సర్క్యూట్ ఓపెన్, లోపల ఎక్కడో తీగ తెగింది. టైమర్‌లో మూడు నిమిషాలు కూడా కాలేదు.

మీటర్ పిన్నులు తీయకుండా అలాగే కూర్చున్నాను. పదకొండో నిమిషంలో ఓఎల్ పోయి ఒక్కసారిగా 340 ఓమ్‌లు చూపించింది. కిక్ కొడితే స్టార్ట్. ఆ రీడింగ్ కనిపించినప్పుడు రోడ్డు పక్కన ఒక్కడినే గట్టిగా అరిచాను.

ఇదే కాయిల్‌ని ఇంట్లో చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే 310 వచ్చింది, మాన్యువల్ చెప్పిన రేంజ్‌లోనే. నెల కింద చూపించిన మెకానిక్ అన్న కూడా "హెడ్‌లైట్ మంచిగనే వస్తుంది, మాగ్నెట్ సైడ్ ప్రాబ్లం ఉండది" అన్నాడు. కానీ హెడ్‌లైట్‌కి కరెంట్ ఇచ్చేది అదే ప్లేట్ మీద ఉన్న వేరే కాయిల్. అది బాగుంటే ఇది బాగున్నట్టు కాదు.

ఒక చిన్న లెక్క పనికొస్తుంది. రాగి తీగ వేడెక్కితే ప్రతి డిగ్రీకి రెసిస్టెన్స్ సుమారు 0.4 శాతం పెరుగుతుంది. ముప్పై డిగ్రీల దగ్గర 310 ఉన్న కాయిల్ ఎనభై డిగ్రీలకు దాదాపు 370 చూపించాలి. అంటే వేడి మీద కొంచెం ఎక్కువ రావడం తప్పు కాదు. బాగా పడిపోతే లోపల చుట్లు షార్ట్ అవుతున్నాయి, ఓఎల్ వస్తే తెగింది. కాయిల్ విలువ ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది, నా 310ని మీ బండికి వాడకండి.

విప్పితే కనిపించింది

ఫ్లైవీల్ తీయడానికి మాగ్నెట్ పుల్లర్ కావాలి, నాకు 350 రూపాయలకు దొరికింది. సుత్తితో కొట్టి తీస్తామనేవాళ్లకి బండి ఇవ్వకండి, క్రాంక్ దెబ్బతింటుంది. కాయిల్ ప్లేట్ విప్పే ముందు ప్లేట్‌కీ కేసింగ్‌కీ కలిపి ఒక గీత గీసుకోండి, లేకపోతే తిరిగి బిగించేటప్పుడు టైమింగ్ మారుతుంది.

సోర్స్ కాయిల్‌లో వెంట్రుకంత తీగ టెర్మినల్‌కి సోల్డర్ అయ్యే చోట ఆకుపచ్చగా తుప్పు పట్టింది. తీగ విరిగి, కొస మాత్రం ఆనుకుని ఉంది. వేడికి సాగితే దూరం జరుగుతోంది, చల్లారితే మళ్లీ తాకుతోంది. కాయిల్ మొత్తం చుట్టిద్దామని పొలం మోటార్లు వైండింగ్ చేసే షాప్‌కి తీసుకెళ్తే, ఆయన నవ్వి "గింత సన్న తీగ నా తాన లేదు తమ్మీ" అన్నాడు. ఒక రకంగా మంచిదే అయ్యింది. రెండు చుట్లు విప్పి, తీగ కొస మీది ఎనామెల్ గీకి, కొత్తగా సోల్డర్ చేసి, పైన ఎపాక్సీ పూశాను. ఆ జాయింట్ ఇంజిన్ వైబ్రేషన్‌కి ఎన్నాళ్లు ఆగుతుందో చూడాలి. అందుకే ఒక కొత్త కాయిల్ కూడా ఆర్డర్ పెట్టి ఉంచాను.

బిగించే ముందు చెల్లి హెయిర్ డ్రయ్యర్‌తో కాయిల్‌ని వేడి చేశాను. మీటర్‌తో వచ్చిన టెంపరేచర్ ప్రోబ్ ఎనభై చూపించేసరికి రెసిస్టెన్స్ 364. వేడి మీదే పెన్సిల్‌తో అటూ ఇటూ తట్టినా రీడింగ్ ఎగరలేదు.

అయినా బాపుకి వెంటనే ఇవ్వలేదు. మరుసటి రోజు మధ్యాహ్నం రెండింటికి, ఎండ దంచుతున్నప్పుడు, భైంసా దాకా వెళ్లి ఎక్కడా ఆపకుండా తిరిగొచ్చాను. ఇంటి ముందు కూడా ఆఫ్ చేయకుండా పది నిమిషాలు ఐడ్లింగ్‌లో వదిలేశాను. ఆగలేదు. అప్పుడు తాళం చెవి ఇచ్చాను.

బాపు బండి ఎక్కి, బ్రిడ్జి దాటి, అవతలి ఒడ్డున టర్న్ తీసుకుని వచ్చాడు. దిగి స్టాండ్ వేస్తూ, "పద్దెనిమిది వేలాయనకు ఫోన్ చేసి వద్దని చెప్త" అన్నాడు. లోపలికి వెళ్లబోతూ మళ్లీ వెనక్కి తిరిగి, "గింత చేసినవ్ గద, గా హారన్ గూడ సూడు రా" అన్నాడు.