బొమ్మా బొరుసూ

పిఠాపురంలో పాదగయ క్షేత్రం ముంగిట పూలమ్ముకొనే ఒక వృద్ధురాలు ఒకనాడు నేనిచ్చిన పది రూపాయల నాణేన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలోనే పెట్టింది. "ఇందులో గీతలు పదిహేనున్నాయండి మేష్టారూ. పది గీతలున్నదే మంచిదంటండి" అన్నది. ఆ ఉదయమే అటువంటి నాణేలు మూడు ఆమె కొంగుముడిలో చేరినవి. కిరాణా కొట్టువాడు వాటిని తీసుకోలేదు. ముప్పై రూపాయలంటే ఆమెకు ఒక పూట గడిచే సొమ్ము. నాణేన్ని చదవటం తెలియనందువల్ల కలిగే నష్టం మొదట తగిలేది ఇటువంటి వారికే.

ఆమె లెక్క తప్పు కాదు. పదిహేను గీతల నాణెమూ ఉంది, పది గీతల నాణెమూ ఉంది. రెండు లోహాల పది రూపాయల నాణెం 2009లో చెలామణీలోకి వచ్చింది. అటుపై పదిహేను గీతల రూపం వచ్చింది. 2010 జూలైలో రూపాయికి కొత్త చిహ్నం ఆమోదం పొందగా, 2011 నుండి ఆ చిహ్నంతో, పది గీతలతో మరొక రూపం వెలువడింది. వీటికి తోడు హోమీ భాభా శతజయంతి, అంబేద్కర్ 125వ జయంతి, అంతర్జాతీయ యోగా దినోత్సవం వంటి సందర్భాలకు స్మారక నాణేలు వచ్చాయి. పది రూపాయల నాణేలు అప్పటికి పద్నాలుగు రూపాలలో ఉన్నాయనీ, అన్నీ చెల్లుతాయనీ రిజర్వు బ్యాంకు 2018 జనవరి 17న ప్రకటించింది. రూపభేదం ప్రభుత్వం బుద్ధిపూర్వకంగా చేసినదే గాని దొంగనాణేనికి గుర్తు కాదు.

అయితే రూపకర్తలను పూర్తిగా సమర్థించలేము. 1992 నాటి ఉక్కు రూపాయి వ్యాసం 25 మిల్లీమీటర్లు, బరువు 4.85 గ్రాములు. 2011 నాటి రెండు రూపాయల నాణేనికీ అదే వ్యాసం, అదే బరువు! చూపులేనివాడు వేళ్లతో తడిమి ఒకటేదో రెండేదో ఎట్లా పోల్చుకోవాలి?

ఇక సంవత్సరపు అంకెల కింద చూడండి. అక్కడ చిన్న నక్షత్రం ఉంటే ఆ నాణెం హైదరాబాదు టంకశాలలో పుట్టినది. వజ్రాకృతి ఉంటే ముంబయి, గుండ్రని చుక్క ఉంటే నోయిడా. ఏ గుర్తూ లేకుంటే కోల్‌కతా. హైదరాబాదు టంకశాల 1803లో నిజాం సికందర్ జా కాలంలో ఏర్పడింది. 1903లో సైఫాబాదుకూ, 1997లో చర్లపల్లికీ తరలింది. పాత నాణేలపై దీనికి నడుమ చీలిన వజ్రం, చుక్క ఉన్న వజ్రం కూడా గుర్తులుగా కనిపిస్తాయి.

ఆజ్ఞలేని భేదాలు మరికొన్ని ఉన్నాయి. అవి ముద్రణలో పుట్టినవి. గుండ్రంగా కత్తిరించిన లోహపు బిళ్ళను రెండు ఉక్కు అచ్చుల నడుమ నిలిపి, చుట్టూ ఒక కట్టు బిగించి, యంత్రం బలంగా నొక్కుతుంది. బిళ్ళ ఆ కట్టులో సరిగా కూర్చోకపోతే బొమ్మ ఒక పక్కకు ఒరిగి, రెండవ పక్క నెలవంకవలె బోసిగా మిగులుతుంది. అచ్చులో పగులు ఏర్పడితే లోహం అందులోకి చొచ్చుకొనిపోయి, నాణెంపై ఉబ్బెత్తు గీతగా నిలుస్తుంది. ముందు కొట్టిన నాణెం అచ్చుకు అంటుకొనిపోతే, తరువాతి నాణెం రెండవ వైపున అదే బొమ్మ అద్దంలోవలె తిరగబడి, లోతుగా పడుతుంది. కొన్నిసార్లు ఒక అచ్చు తన స్థానంలో కొంచెం తిరిగిపోతుంది. సింహశీర్షం నిటారుగా ఉండేట్లు నాణేన్ని పట్టుకొని పుస్తకంలో పుటవలె పక్కకు తిప్పండి. వెనుక అంకె కూడా నిటారుగానే ఉండాలి. వాలి ఉంటే అచ్చు తిరిగినదన్నమాట. (అమెరికా నాణేలను పైనుండి కిందికి తిప్పి చూడాలి, అది వారి పద్ధతి.)

పరీక్షలో ముఖ్యమైన సూత్రం ఒకటుంది. అచ్చు పగిలినందువల్ల ఏర్పడిన గీత నాణెంపై పైకి లేచి ఉంటుంది. మేకుతోనో రాతితోనో గీకిన గీత లోతుగా దిగి ఉంటుంది. చూపునకు రెండూ గీతలే. వేలిగోటితో తడిమితే నిజం తెలుస్తుంది. అరిగిపోయిన అంకెలనూ, సుత్తిదెబ్బలనూ అపూర్వమని నమ్మి కొనేవారు ఈ చిన్న పరీక్ష చేయనివారే.

యంత్రం లేని రోజులలో భేదమే సహజం. ధవళేశ్వరంలో లభించిన నిధిలో తూర్పు చాళుక్యుల బంగారు నాణేలున్నాయి. నన్నయ భట్టారకుని ఏలిక రాజరాజనరేంద్రుని నాణెంపై నడుమ వరాహం, చుట్టూ అతని పేరులోని అక్షరాలు కనిపిస్తాయి. ఒక్కొక్క అక్షరాన్ని వేరువేరు ముద్రికతో కొట్టారు. రాజ్యసంవత్సరాన్ని కూడా వేశారు. పలుచని రేకు కావటంతో వెనుకవైపును ఖాళీగా వదిలారు. అక్షరాల నడుమ ఎడం ఒక నాణెంలో ఉన్నట్లు మరొక నాణెంలో ఉండదు. అక్కడ మనం చూసేది కంసాలి చేతివాటం.

భేదం పేరిట మోసమూ సాగుతున్నది. ఫలానా దేవత బొమ్మ ఉన్న నాణేనికి లక్షలిస్తామని నమ్మించి, ముందుగా రుసుము కట్టించుకొనేవారున్నారు. తన పేరుతో పన్నులూ, రుసుములూ అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. పాతనాణేలు కొని అమ్మే వ్యవహారంతో తనకు సంబంధం లేదని స్పష్టం చేసింది.

పూలమ్మే అవ్వ దగ్గర ఆ మూడు నాణేలూ తీసుకొని, బదులుగా నోట్లు ఇచ్చాను. మూడింటి మీదా ఎండవైపు తిప్పి నక్షత్రం కోసం వెదికాను. ఒకదానిపై ఉంది. "ఇది మన హైదరాబాదుదేనమ్మా" అని చూపాను. ఆమె కళ్ళు చికిలించి చూసి, "అయితే ఇది నా దగ్గరే ఉంచుతానండి" అని దానిని మళ్ళీ కొంగున ముడివేసుకొని, ఒక నోటును తిరిగి ఇచ్చింది.