చెఱకునకు నత్రజని నొసగు సూక్ష్మజీవులు

విద్యార్థులారా! మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. అయినను చెఱకు దానిని నేరుగా గ్రహింపజాలదు. కావుననే రైతు యూరియా కొని చల్లుచున్నాడు. అందు కొంత నీటితో పోవును, కొంత గాలిలో గలియును. వ్యయము మాత్రము రైతుపైననే నిలుచును.

బ్రెజిలు దేశమున కొన్ని చోట్ల తక్కువ యెరువుతోనే చెఱకు ఏండ్ల తరబడి పండుచుండెను. జొహన్నా డోబెరైనరు అను శాస్త్రజ్ఞురాలు ఇందుకు కారణము వెదకెను. 1988లో ఆమెయు, ఆమె సహచరుడును చెఱకు వేళ్లలోను, కాండములోను నివసించు ఒక సూక్ష్మజీవిని గూర్చి ప్రకటించిరి. మినుము, పెసర వేళ్లయందువలె బుడిపెలు కట్టకయే అది గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చును. చెఱకులోని చక్కెర దానికి ఆహారము. అది కూర్చు నత్రజని చెఱకునకు బలము.

నేడు అజోస్పిరిల్లము మున్నగు జీవన ఎరువులను మాగిన పశువుల ఎరువుతో గలిపి చేనికి వేయుదురు. ఇవి యూరియాను బొత్తిగా మాన్పింపవు, కొంత తగ్గింపగలవు. నత్రజని యెరువు మితిమీరినచో చెఱకులోని ఈ జీవుల సంఖ్యయే క్షీణించును.

ఇవి ప్రాణము గలవి. ఎండ తగిలినను, గడువు మీఱినను నశించును. చచ్చిన జీవులకు వెచ్చించిన ధనము వ్యర్థము. కావున చదువ నేర్చిన మీరు పొట్లముపై నున్న తేదీని మీ తండ్రులకు చదివి వినిపింపుడు.