బస్సెక్కలేని భయం



వర్ని నుంచి బోధన్ పోయే బస్సుల మా వాడ అక్క ఒకామెకు ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. చెమటలు, ఊపిరాడకపోవడం, ఇక చచ్చిపోతానన్న భయం. దవాఖానల ఈసీజీ తీసి "ఏం లేదు పో" అన్నరు. ఇంట్ల వాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించిన్రు. తర్వాత ఆమె బస్సు మానేసింది, అంగడి మానేసింది, చివరికి ఒంటరిగా గడప దాటడమే మానేసింది.

గుండె, థైరాయిడ్ పరీక్షలు బాగున్నా ఈ దడ మళ్లీ మళ్లీ వస్తుంటే దాన్ని పానిక్ డిజార్డర్ అంటారు. ఆ భయంతో బయటి చోట్లు మానుకోవడం అగోరాఫోబియా. ఇది నిజమైన జబ్బే. తాయెత్తుకు పెట్టిన పైసలు దండుగ.

మజ్ఝిమ నికాయంలో భయభేరవ సుత్తం ఉంది. బోధి పొందక ముందు సిద్ధార్థుడు అష్టమి, పున్నమి రాత్రులు ఎంచుకొని మరీ జడిపించే అడవి చోట్ల ఉన్నాడు. నెమలి పుల్ల విరిచినా భయమే. నడుస్తుండగా భయం వస్తే కూర్చోలేదు. అది పోయేదాకా నడిచాడు. కూర్చున్నప్పుడు వస్తే లేవలేదు. పారిపోకపోవడమే ఆయన చేసిన పని.

నేటి మానసిక చికిత్స కూడా ఇక్కడికే వస్తుంది. గుండె వేగాన్ని చావు అనుకుంటే భయం పెరుగుతుంది, భయంతో గుండె ఇంకా కొట్టుకుంటుంది అని 1986లో డేవిడ్ క్లార్క్ వివరించాడు. సీబీటీ అనే మాటల చికిత్స ఈ ముడి విప్పుతుంది. మానుకున్న చోట్లకు మెల్లమెల్లగా మళ్లీ పంపుతుంది.

ఎంత పని చేస్తుంది? 2016లో కోక్రేన్ సంస్థ 60 పరీక్షలను కలిపి చూసింది. సీబీటీ చాలాసార్లు ముందుంది, కానీ తేడా చిన్నది. ఏ ఒక్కటీ తిరుగులేనిదని తేలలేదు. మరి ధ్యానం? 1992లో కబాట్-జిన్ బృందం 22 మందిలో మేలు చూసింది, కానీ పోల్చడానికి వేరే గుంపు లేదు. కాబట్టి ఆనాపానసతి ఒక్కటే చాలని మనోళ్లు చెప్పొద్దు. శ్వాస మీద దృష్టి పెడితే కొందరికి దడ ఇంకా పెరుగుతది. మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా ఆపొద్దు. సలహాకు టెలిమానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, పైసలు అడగరు.

అక్క మొదట చెల్లెను తోడు తీసుకొని ఒక్క స్టేజీ పోయింది. దడ వచ్చినా దిగలేదు. మొన్న ఒంటరిగా రెండు స్టేజీలు పోయింది. బోధన్ ఇంకా పోలేదు.