చర్ల నుంచి జపనీస్ దుబాసీగా

ప్రశ్న: డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. ఇంట్లో కోయ మాట్లాడతాం. ఫోన్‌లో యాప్ పెట్టుకుని జపనీస్ నేర్చుకుంటున్నాను. దుబాసీగా బతకొచ్చా?
– ఓ పాఠకురాలు, చర్ల

జవాబు: బతకొచ్చమ్మా. కానీ చర్లలో కాదు, ఖమ్మంలోనూ కాదు. జపాన్ కంపెనీలున్న చోటే ఈ పని: శ్రీసిటీలో ఇసుజు, డైకిన్, కోబెల్కో, పటాన్‌చెరు దగ్గర తోషిబా. యాప్‌తో అక్షరాలొస్తాయి, ఉద్యోగం రాదు. హైదరాబాద్‌లోని విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో జపనీస్ కోర్సులున్నాయి, ప్రవేశ ప్రకటన చూసుకోండి.

జపనీస్ ఎంత వచ్చో తేల్చే జేఎల్‌పీటీ పరీక్షలో ఎన్5 మొదటి మెట్టు, ఎన్1 చివరిది. దుబాసీ పనికి సాధారణంగా ఎన్2 అడుగుతారు. చిక్కేమిటంటే, అందులో పదాలు, వ్యాకరణం, చదవడం, వినడమే ఉంటాయి, మాట్లాడించరు. ఎన్2 సర్టిఫికెట్ చేతిలో ఉన్నా ఇంటర్వ్యూలో నీళ్లు నమిలేది అందుకే. రోజూ పైకి మాట్లాడటం సాధన చేయండి. కాగితాల అనువాదాన్ని కంప్యూటర్లు లాగేసుకుంటున్నాయి గానీ, ఫ్యాక్టరీలో ఇంజనీరుకూ కార్మికుడికీ మధ్య నిలబడే మనిషి ఇంకా కావాలి.

తెలుగులాగే జపనీస్‌లోనూ క్రియ వాక్యం చివరే వస్తుంది. అది మీకు కలిసొస్తుంది. ఆసుపత్రిలో కోయ రోగులకూ డాక్టరుకూ మధ్య ఎప్పుడైనా మాట చేరవేశారా? అదీ దుబాసీ అనుభవమే, దరఖాస్తులో రాయండి.

డబ్బు కడితే జపాన్ వీసా ఇప్పిస్తామనే ఏజెంట్ల జోలికి పోకండి. విదేశీ ఉద్యోగమైతే ముందు తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను అడగండి.