తాటిచెట్టంత అలపై గాలిపటము

వికారాబాదు, తాండూరు ప్రాంతములలోని మన సంఘస్థులలో సముద్రమును కన్నులార చూచినవారు కొద్దిమందియే. తూర్పు తీరము మనకు మూడువందల కిలోమీటర్లకు పైగా దూరమున నున్నది. అయినను మన యౌవనస్థుల చేతి ఫోనులలో ప్రతి సాయంకాలము సముద్రము పొంగుచునే యున్నది. పోర్చుగల్ దేశములో నజారే అను ఊరియొద్ద ఒక మనుష్యుడు పెద్ద గాలిపటమునకు తన్ను కట్టుకొని, కాళ్ల క్రింద పలకతో, తాటిచెట్టంత అల మీదనుండి జారి వచ్చుట వారు చూచుచున్నారు. ఇది నిజమా, మాయయా? పేతురు నీటిమీద నడిచినది ఇట్టిదేనా? ఈ ప్రశ్నలకు జవాబుగా ఈ నెల పాఠము వ్రాయుచున్నాము.

అది నిజమే. 2017 నవంబరు 8న నూనో ఫిగెయిరెడో అను పోర్చుగల్ దేశస్థుడు నజారేలో 19 మీటర్ల అలపై గాలిపటముతో వచ్చెను. గాలిపటము లేక వట్టి పలకపై వచ్చినవారిలో జర్మనీ దేశస్థుడైన సెబాస్టియన్ స్టాయిట్నర్ 2020 అక్టోబరు 29న 26 మీటర్లకు మించిన అలను దిగెను. అయితే పేతురు నడచిన నడకకును దీనికిని పోలిక లేదు. ఇక్కడ జరుగునదంతయు గాలికిని నీటికిని ఏర్పడియున్న నియమముల చొప్పుననే జరుగుచున్నది.

మొదట గాలిపటము సంగతి చూతము. సంక్రాంతికి మన పిల్లలు పతంగి ఎగురవేయునప్పుడు మాంజాను బిగబట్టిన వెంటనే చెయ్యి లాగినట్లగును గదా! ఆ లాగునది గాలియే. ఇప్పుడా పతంగి ఒక చిన్న గది నేలంత వెడల్పు గలదనుకొనుడి. అప్పుడది చేతిని కాదు, మనిషినే లాగును. ఇది కొత్త తలంపు కాదు. 1826లోనే ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్టణపు బడిపంతులు జార్జి పోకాక్ గుఱ్ఱములు లేకుండ గాలిపటములతో బండిని లాగించి దానికి పేటెంటు పొందెను. (గుఱ్ఱమును కొనుటకు పంతులుగారి జీతము చాలకపోయెనేమో!) కాని నీటిమీద ఒక చిక్కు కలదు. నీట పడిన గాలిపటము తడిసి మరల లేవదు. 1984లో ఫ్రాన్సు దేశపు లెగెన్యూ సోదరులు ఆ చిక్కు విప్పిరి. గాలిపటము అంచున గాలి నింపిన గొట్టము పెట్టిరి. మన పిల్లలు ఈత నేర్చుకొనునప్పుడు నడుమునకు కట్టుకొను సొరకాయ బుఱ్ఱవలె ఆ గొట్టము దానిని తేల్చును. నీట పడినను అది మరల ఎగురును. 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో ఈ ఆట మొదటిసారి చేర్చబడి, మార్సేయ్ తీరమున జరిగినది.

గాలి ఒక దిక్కునకు వీచుచుండగా మనిషి అడ్డముగా ఎట్లు పోగలడు? నాగలికఱ్ఱు చాలులో నిలిచి ప్రక్కకు జారకుండునట్లు, పలక అంచు నీటిలో నాటుకొని నిలుచును. గాలి ఒక ప్రక్క లాగగా, నీరు వేరొక ప్రక్క ఆపగా, మనిషి ఆ రెంటి నడుమ దారి చేసికొనును. ఇరువది మీటర్లకు మించిన నాలుగు త్రాళ్లు చేతిలోని చిన్న కడ్డీకి వచ్చును. ఆ కడ్డీని కొంచెము త్రిప్పినంతనే ఆకాశములోని గుడ్డ అంతయు తిరుగును. యాకోబు తన పత్రిక మూడవ అధ్యాయములో ఓడ చుక్కానినిగూర్చి చెప్పినది చదివినవారికి ఇది వింతగా తోచదు.

ఇక అల. గాలి వీచునప్పుడు జొన్నచేనును చూడుడి. కెరటము ఈ గట్టునుండి ఆ గట్టునకు పరుగెత్తును గాని, ఏ జొన్నకఱ్ఱయు తన పాదు విడిచి పోదు. వంగి లేచును, అంతే. సముద్రమధ్యమున నీరును అట్టిదే. సాగిపోవునది బలము, నీరు కాదు. ఒడ్డు దగ్గరపడి లోతు తగ్గినప్పుడు అల పాదము నేలకు తగిలి మెల్లబడును, తల మాత్రము ముందుకు తూలి విరిగిపడును. నజారేలో సముద్రగర్భమున రెండువందల కిలోమీటర్లకు మించిన పొడవున ఒక మహా అగడ్త కలదు. కొన్నిచోట్ల దాని లోతు దాదాపు అయిదువేల మీటర్లు. శీతకాలపు తుపానులు పంపిన అలలలో అగడ్త మీదుగా వచ్చునది వేగము తగ్గక వచ్చును. ప్రక్కన మెరక మీదుగా వచ్చునది మెల్లబడి వంగును. ఈ రెండును ఒడ్డున కలిసికొని ఒకదానిపై ఒకటి ఎక్కును. ఆ అలలకు అంత ఎత్తు వచ్చుటకు కారణమిదే.

అలను చూచి చప్పట్లు కొట్టుటకు ముందు వేరొక సంగతి జ్ఞాపకము చేసికొందము. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ వాడపల్లియొద్ద కృష్ణలో కలియును. తాండూరు ప్రక్కగా పోవు కాగ్నా భీమలో కలిసి, భీమతోకూడ కృష్ణను చేరును. కాబట్టి మన రెండు ఊళ్ల వాననీరు పోవలసిన చోటు ఒక్కటే, దివిసీమ తీరము. 1977 నవంబరు 19న ఆ దివిసీమపైకే ఉప్పెన వచ్చినది. అది విరిగి వెనుకకు పోవు అల కాదు. తుపాను గాలి లోతు తక్కువైన తీరముమీదికి సముద్రమును నెట్టగా, నీటిమట్టమే అయిదు మీటర్లవరకు లేచి ఊళ్లమీదికి నడచివచ్చెను. పదివేలకు తక్కువ కాకుండ జనులు చనిపోయిరి. అట్టి నీటిమీద ఏ పలకయు పనికిరాదు.

గలిలయ సముద్రము పేరునకు సముద్రమే గాని, నిజముగా ఇరువదియొక్క కిలోమీటర్ల పొడవు గల మంచినీటి సరస్సు. అది సముద్రమట్టమునకు రెండువందల మీటర్లకు మించి క్రిందనున్నది. చుట్టునున్న ఎత్తులనుండి చల్లని గాలి హఠాత్తుగా దిగి దానిని కలచివేయును. ఆ రాత్రి దోనెలో భయపడినవారిలో పలువురు పుట్టినది మొదలు ఆ నీటిమీద బ్రదికిన జాలరులు. నీటిని ఎరిగినవారే నీటికి భయపడిరని మేము తలంచుచున్నాము. నజారేకు పోవువారును అట్లే. వారు ఏండ్లతరబడి ఊపిరి బిగబట్టుట నేర్తురు. తేలెడి చొక్కా తొడుగుకొందురు. ఆపదలో త్రాళ్లను క్షణములో విడిపించుకొను మీటను నడుమున ఉంచుకొందురు. వారిని ఎత్తుకొని పోవుటకు నీటి మోటారు సైకిళ్లపై తోడివారు కాచియుందురు. ఒడ్డునుండి సముద్రమువైపు గాలి వీచునప్పుడు తెలిసినవాడెవడును ఈ ఆటకు దిగడు. ఆ గాలి మనిషిని లోపలికే కొనిపోవును. ఫోనులో అర నిమిషము చూపబడు దృశ్యమునందు ఇదేదియు కనబడదు.

ఇది చెప్పుటకు కారణము తాండూరు చుట్టునున్న నాపరాతి గుంతలు. రాయి తీసి విడిచిన గుంతలు వానకు నిండును. వాటి గోడలు నిట్టనిలువుగా నుండును, మెట్టు ఉండదు, అడుగు కనబడదు. దూకినవాడు ఈతగాడైనను ఎక్కివచ్చుటకు పట్టు దొరకదు. బావిలో ఈత వచ్చును గదాయని పిల్లలను అక్కడికి పోనియ్యకుడి. ఈత నేర్పవలెనన్న, మెట్లున్న బావిలో, ఈత తెలిసిన పెద్దవాడు నీటిలో ఉండగా, సొరకాయ బుఱ్ఱ కట్టియే నేర్పుడి. ఎవడైనను మునుగుచుండగా చూచినయెడల, ఈత బాగుగా రానివారు వెంట దూకకుడి; మునుగువాడు పట్టుకొనిన పట్టు విడువడు. కేకవేసి జనులను పిలిచి, నేలమీద పండుకొని త్రాడునో, చీరెనో, తలపాగానో విసరుడి. అదియు లేనియెడల మూత బిగించిన ఖాళీ నూనెడబ్బా వానియొద్దకు వేయుడి. మనిషి తల నీటిపైన నిలుచుటకు అది చాలును.