బొగ్గుగుట్టయు, ఒప్పందపత్రమును

విద్యార్థులారా! విద్యుత్తును ధాన్యమువలె గాదెలో నిలువచేయుట సులభము కాదు. కోరిన క్షణముననే అది పుట్టవలెను. విజయవాడ చెంత ఇబ్రహీంపట్నమున 1979లో పనికి మొదలిడిన విద్యుత్కేంద్రమునకు నీరు కృష్ణానది యొసగును. బొగ్గు మాత్రము దూరపుగనులనుండి రైలుపై రావలెను. గూడ్సుబండ్లు రాకున్న బాయిలర్లు చల్లారును. ఇది సరకునకు గల అపాయము. కొన్నిదినములకు చాలునంత బొగ్గును ఆవరణలో నిలువయుంచుటయే దీనికి కాపు.

రెండవది ధనమునకు గల అపాయము. 2021 అక్టోబరులో దేశమున బొగ్గు కొరవడగా, విపణిలో యూనిటు వెల 20 రూపాయలవరకు పోయెను. 2022 ఏప్రిలులో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 12 రూపాయలు మించరాదని కట్టడిచేసెను. అయినను ఆ నెలలోనే మన రాష్ట్రమున కర్మాగారములకు విద్యుత్ సెలవు ప్రకటింపవలసివచ్చెను. వెలకు కట్టువేసినంతమాత్రమున లేని విద్యుత్తు పుట్టదు గదా!

ముందుగానే వెల నిశ్చయించుకొను దీర్ఘకాలపు ఒప్పందము ధనమునకు కాపు. కాని విద్యుత్తు అక్కఱలేని దినములందును స్థిరవ్యయము చెల్లింపవలెను. కావున వివేకి అధికభాగమును ఒప్పందముపై కొని, కొఱతను విపణిలో పూడ్చుకొనును.

పత్రము దీపమును వెలిగింపదు. బొగ్గుగుట్ట విపణి వెలను ఆపదు. మీరు చదువుకొను దీపమునకు ఈ రెండు కాపులును వలయును.